“నా మిషన్లో బాగానే పనిచేస్తోంది మేడమ్!” – డ్రైవర్ కోడ్‌లో బైట్ ఆర్డర్ మీద ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. విశాఖపట్నం స్టూడియో నుంచి ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. ఇవాళ్టి విషయం హార్డ్‌వేర్ డ్రైవర్లలో, అంటే పరికరాల్ని నడిపించే ప్రోగ్రాముల్లో, బైట్ ఆర్డర్: ఒక సంఖ్యలోని బైట్లలో ఏది ముందు అనేది. కింది బైటు ముందుంటే లిటిల్ ఎండియన్, పై బైటు ముందుంటే బిగ్ ఎండియన్. ఎంబెడెడ్ లినక్స్ మీద పనిచేసే ఇంజినీరు మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్ గాజువాక నుంచి. చెప్పండి.

గాజువాక శ్రోత: నమస్తే మేడమ్. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకి ఎల్‌ఎం75 టెంపరేచర్ సెన్సార్ తగిలించానండి. లినక్స్‌లో డ్రైవర్ ఉందని తెలుసు గానీ, నేర్చుకుందామని సొంతంగా రాసుకున్నాను. రీడింగు సున్నా చూపిస్తాది, లేపోతే మైనస్ 128. ఆ రెండే. సెన్సార్ పోయిందేమో అనుకుని ఇంకోటి కొన్నాను. అదీ అంతే. ఏటి చెయ్యమంటారు?

ఇంజినీరు: మూడోది కొనకండి బాబూ, సెన్సార్ బాగానే ఉంది. ఆ రెండు అంకెలే మీ జబ్బేంటో చెప్పేస్తున్నాయి. గదిలో 25 డిగ్రీలుంటే ఆ చిప్ రిజిస్టర్లో, అంటే విలువ దాచే చిన్న అరలో, హెక్స్ (16 ఆధారంగా రాసే లెక్క) 1900 ఉంటుంది. వైరు మీద ముందు 19 వస్తుంది, వెనకాల 00. మీరు పిలుస్తున్నది ఎస్‌ఎంబస్ (చిప్‌లతో మాట్లాడే రెండు తీగల బస్) రీడ్ వర్డ్ ఫంక్షనే కదా?

గాజువాక శ్రోత: అదేనండి.

ఇంజినీరు: ఎస్‌ఎంబస్ నియమం ప్రకారం ముందొచ్చిన బైటే కింది బైటు. అంచేత మీ చేతికి 0019 వచ్చింది. ఉష్ణోగ్రత పై బిట్లలోనే ఉంటుందని దాన్ని ఏడు బిట్లు కుడికి జరిపితే సున్నా. గది 25న్నర అయిందనుకోండి, 1980 రావాల్సింది 8019గా వస్తుంది. పై బిట్ 1 కాబట్టి అది నెగెటివ్ సంఖ్య, లెక్క కడితే సరిగ్గా మైనస్ 128.

గాజువాక శ్రోత: ఓలమ్మో, అర డిగ్రీకే! మరి షిఫ్టులు పెట్టి నేనే తిప్పేసుకోనా?

ఇంజినీరు: తిప్పొచ్చు గానీ, రీడ్ వర్డ్ స్వాప్డ్ అని లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్లో ఫంక్షనే ఉంది, అది వాడండి. పేరు చూడగానే చదివేవాళ్లకి సంగతి తెలుస్తుంది. ఇంకోటి, ప్రాసెసర్ లిటిలా బిగ్గా అని కోడ్‌ని రెండుగా చీల్చే ఇఫ్‌డెఫ్ పెట్టకండి. ఆ ఫంక్షన్ ఏ ప్రాసెసర్ మీదైనా ఒకే జవాబిస్తుంది. చిప్ ఏ వరుసలో పంపుతోంది, ఫంక్షన్ ఏ వరుస అనుకుంటోంది, ఈ రెండే చూసుకోవాలి.

వ్యాఖ్యాత: పరవాడ నుంచి ఒకరు లైన్లో ఉన్నారు.

పరవాడ శ్రోత: మేడమ్, ఫ్యాక్టరీలో ఎనర్జీ మీటర్ని మోడ్‌బస్ అనే ఫ్యాక్టరీ పరికరాల ప్రోటోకాల్ మీద చదువుతున్నాం. వోల్టేజీ ఎప్పుడు చూసినా 0.00. మీటర్ డిస్‌ప్లేలో మాత్రం 230.

ఇంజినీరు: ఫ్లోట్‌గా, అంటే దశాంశ సంఖ్యగా, 230 అంటే హెక్స్ 43660000. మోడ్‌బస్ 16 బిట్ల రిజిస్టర్ లోపలి బైట్ల వరుసే చెబుతుంది, పై బైటు ముందు. రెండు రిజిస్టర్లు కలిపి ఫ్లోట్ చేస్తే ఏ సగం ముందో తయారీదారు ఇష్టం. మీరు 00004366 అని కలిపేస్తున్నారు. అది సున్నాకి వెంట్రుకవాసి దూరంలో ఉండే సంఖ్య. సగాలు అటుదిటు చేయండి, చాలు.

వ్యాఖ్యాత: మధురవాడ నుంచి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

మధురవాడ శ్రోత: కంప్యూటర్లో గుచ్చే పీసీఐ కార్డుకి డ్రైవర్ రాశాం మేడమ్. లిటిల్ ఎండియన్ ఎక్స్86 ప్రాసెసర్ మీద నా మిషన్లో బాగానే పనిచేస్తోంది. క్లయింటు దగ్గర బిగ్ ఎండియన్ పవర్‌పీసీ బోర్డు మీద కార్డు స్టార్టే అవ్వదు. విచిత్రమేంటంటే ఇంటరప్ట్‌లు క్లియర్ చేయడం మాత్రం అవుతోంది.

ఇంజినీరు: క్లియర్ చేయడానికి ఏం రాస్తున్నారు? అన్నీ ఒకట్లేనా?

మధురవాడ శ్రోత: అవును, ఎఫ్‌లు ఎనిమిది.

ఇంజినీరు: అదీ సంగతి. దాన్ని ఎటు తిప్పినా అదే సంఖ్య. స్టార్ట్ బిట్ సున్నా స్థానంలో ఉంటే, తిరగబడ్డాక 24వ స్థానానికి పోతుంది. రాసేటప్పుడు, రిజిస్టర్‌కి రాసే రైట్-ఎల్ ఫంక్షన్ లోపల, లిటిల్ ఎండియన్‌కి మార్చే సీపీయూ-టు-ఎల్ఈ32 పెట్టారా?

మధురవాడ శ్రోత: పెట్టాం. కార్డు లిటిల్ ఎండియన్ అని డేటాషీట్లో ఉంది కదా అని.

ఇంజినీరు: రైట్-ఎల్, రీడ్-ఎల్ అవతలి డివైజ్ లిటిల్ ఎండియన్ అనుకునే పనిచేస్తాయి. పవర్‌పీసీ మీద రైట్-ఎల్ ఒకసారి తిప్పుతుంది. మీరు ముందే ఒకసారి తిప్పారు. రెండుసార్లు తిప్పితే తిప్పనట్టే. ఎక్స్86 మీద రెండూ ఏమీ చేయవు, అందుకే అక్కడ బయటపడలేదు. రిజిస్టర్ల దగ్గర ఆ మార్పిడి తీసేయండి. అలాగని ఏమీ తిప్పని రా రీడ్-ఎల్‌కి మారొద్దు, అందులో చదవడం, రాయడం క్రమం తప్పకుండా కాపాడే బ్యారియర్లు కూడా ఉండవు. ఇప్పుడు అసలు ప్రశ్న: డీఎంఏ డిస్క్రిప్టర్లు (కార్డు తానే మెమరీలోంచి చదువుకునే పని చీటీలు) ఎలా నింపుతున్నారు?

మధురవాడ శ్రోత: మామూలు స్ట్రక్చర్, యూ32 (32 బిట్ల సంఖ్య) ఫీల్డులు. అడ్రసు, పొడవు నేరుగా రాసేస్తాం.

ఇంజినీరు: మార్పిడి కావాల్సింది అక్కడ! ఆ మెమరీని కార్డే వచ్చి చదువుకుంటుంది, మధ్యలో రైట్-ఎల్ ఉండదు. అక్కర్లేని చోట పెట్టి, కావాల్సిన చోట వదిలేశారు. ఆ ఫీల్డుల్ని అండర్‌స్కోర్ అండర్‌స్కోర్ ఎల్ఈ32 టైపుకి మార్చండి. తర్వాత ఇలాంటి తప్పులు పట్టే స్పార్స్ టూల్ ఇన్‌స్టాల్ చేసి, మేక్‌కి సీ=2 ఇచ్చి బిల్డ్ చేయండి. ఎక్కడ కలగాపులగం అయిందో లైన్ నంబరుతో సహా చూపిస్తుంది. బిగ్ ఎండియన్ బోర్డు అక్కర్లేదు, మీ ల్యాప్‌టాప్ మీదే.

మధురవాడ శ్రోత: వార్నింగులు వందల్లో వస్తే? టైపు తనిఖీని దాటేసే ఫోర్స్ క్యాస్ట్ పెట్టి ఆపేయొచ్చా?

ఇంజినీరు: వద్దు నాయనా, దయచేసి ఆ పని చేయొద్దు. ప్రతి వార్నింగూ ఎక్కడో తప్పు జాగాలో మార్పిడి జరిగిందనో, జరగలేదనో చెబుతోంది. సంఖ్య ప్రాసెసర్ లోపల ఉన్నంతసేపు దానికి వరుస గొడవే లేదు. బయటికి పోయేచోట ఒక్కసారి, లోపలికి వచ్చేచోట ఒక్కసారి మార్చండి. మధ్యలో కోడంతా మామూలు యూ32 ఉంటే వార్నింగులు వాటంతటవే తగ్గుతాయి. డిస్క్రిప్టర్ స్టేటస్‌లో డన్ బిట్ చూడాలంటే కాన్‌స్టెంట్‌నే సీపీయూ-టు-ఎల్ఈ32 చేసి పోల్చండి. కంపైల్ చేసేటప్పుడే అయిపోతుంది, నడిచేటప్పుడు ఖర్చు లేదు. ఫైఫో (ముందొచ్చింది ముందు పోయే వరుస) నుంచి ప్యాకెట్ డేటా లాగుతున్నారా?

మధురవాడ శ్రోత: అవును, ఐఓరీడ్32-రెప్‌తో.

ఇంజినీరు: దాన్ని ముట్టుకోకండి. అది బైట్ల వరస ప్రవాహం కాబట్టి ఆ ఫంక్షన్ కావాలనే తిప్పదు.

వ్యాఖ్యాత: చివరి కాల్, మద్దిలపాలెం నుంచి ఇంజినీరింగ్ విద్యార్థిని.

మద్దిలపాలెం శ్రోత: మేడమ్, రిజిస్టర్‌కి బిట్‌ఫీల్డులతో (కొన్ని బిట్లకే పేరు పెట్టే ఫీల్డులతో) స్ట్రక్చర్ రాస్తే చదవడానికి బావుంటుంది కదా, అవి వాడొద్దని అంటుంటారు, ఎందుకు?

ఇంజినీరు: బావుంటుందమ్మా, నిజమే. కానీ ఏ బిట్ ముందు పెట్టాలో సీ ప్రమాణం కంపైలర్‌కే వదిలేసింది. లినక్స్‌లో ఐపీ హెడర్ స్ట్రక్చర్ తెరిచి చూడు తల్లీ, వెర్షన్, హెడర్ పొడవు అనే రెండు చిన్న ఫీల్డుల్ని లిటిల్‌కి ఒక వరుసలో, బిగ్‌కి ఇంకో వరుసలో రాయాల్సి వచ్చింది. కొత్త డ్రైవర్లో కావాల్సిన బిట్లు వేరు చేసే జెన్‌మాస్క్, ఫీల్డ్-గెట్ మాక్రోలు వాడు. చదవడానికీ ఏం తక్కువ కాదు.

మద్దిలపాలెం శ్రోత: టెస్ట్ చేయడానికి బిగ్ ఎండియన్ మిషన్ మా దగ్గర లేదు.

ఇంజినీరు: క్యూఎమూ అనే ఎమ్యులేటర్లో (వేరే మిషన్‌ని అనుకరించే ప్రోగ్రాములో) ఎస్390ఎక్స్ ప్రాసెసర్ ఉంది, అది బిగ్ ఎండియన్. డిస్క్రిప్టర్ నింపే కోడ్‌ని హార్డ్‌వేర్‌తో పని లేకుండా విడిగా రాసుకుని, దానికోసం క్రాస్ కంపైల్ చేసి, రెండు చోట్లా నడిపి బైట్లు పోల్చు. టెస్టుకి సున్నాలు, అన్నీ ఎఫ్‌లు మాత్రం ఇవ్వకు. హెక్స్ 12345678 ఇవ్వు.

మద్దిలపాలెం శ్రోత: మెమరీలో 78, 56, 34, 12 అని పడాలి, రెండు మిషన్లలోనూ.

ఇంజినీరు: అంతేనమ్మా. వేరేగా పడితే మళ్లీ ఫోన్ చెయ్యి.