నా బదులు ఈ ఫోనే మాట్లాడింది, మా అమ్మ ఊరుకోలా | ఏఐ కాల్ అసిస్టెంట్ రివ్యూ

నమస్తే అందరికీ. ఎట్టుండారు? ముందే చెప్పేస్తా, ఈ ఫోన్ కంపెనీవాళ్ళు పంపించింది. వాడుకుని తిరిగి పంపించేయాల. డబ్బులేం ఇవ్వలా, వీడియో ముందుగా చూపించమని అడగలా. అడిగుంటే మాత్రం ఈ వీడియో బయటికొచ్చేది కాదులెండి.

స్పెక్స్ ఈపాటికే వేరే ఛానళ్ళలో చూసేసుంటారు. ప్రాసెసర్, ర్యామ్, వాటి జోలికి నేను పోను. బ్యాటరీ పొద్దున పెడితే రాత్రి దాకా లాగుతుంది. కెమెరా మైపాడు బీచ్ కాడ సాయంత్రం పూట తీశా, ఫోటోలు స్క్రీన్ మీద వేస్తుండా చూడండి. బాగానే ఉన్నాయి. కాకపోతే సముద్రం మరీ ఇంత నీలమా? మైపాడులో ఈ రంగు నేనైతే ఎప్పుడూ చూళ్ళా. అంతే, కెమెరా అయిపోయింది.

మిగతాదంతా ఒక్క ఫీచర్ గురించే. కాల్ అసిస్టెంట్. ప్రకటన నిండా ఇదే కదా, "తెలుగులో మాట్లాడే ఏఐ" అని.

కాల్ వస్తుంది, మనం ఎత్తం. కాసేపటికి అదే ఎత్తేస్తుంది. లోపల జరిగేది మూడు పనులు: అవతలోళ్ళ మాటని అక్షరాల్లోకి మారుస్తుంది, దాన్ని చదివి జవాబు రాస్తుంది, రాసిన జవాబుని గొంతు చేసి వినిపిస్తుంది. మనకి మాత్రం అంతా చాటింగ్ లాగా స్క్రీన్ మీద కనపడుతుంది, అడుగున రెండు లైన్లలో సారాంశం. చూడ్డానికి భలే ఉంటుంది, అబద్ధం చెప్పను. ఆన్ చేసిన రోజు మా ఫ్రెండ్స్‌ అందరికీ చూపించా.

ఇప్పుడు ఇది చూడండి, జూమ్ చేస్తుండా. అల్లూరు నుంచి మా అమ్మ చేసిన కాల్.

ఫోన్ అంటుంది: "నమస్కారం. మీరు కాల్ చేసిన వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు. దయచేసి మీ పేరు, కాల్ చేసిన కారణం తెలియజేయండి."

అమ్మ: "ఎవురమ్మా నువ్వు? వాడి ఫోన్ నీ కాడ ఎందుకుంది?"

ఫోన్: "నేను వారి డిజిటల్ సహాయకురాలిని. కాల్ చేసిన కారణం తెలియజేయగలరా?"

అమ్మ: "కారణమేంది? కొడుక్కి ఫోన్ చేసేదానికి కారణం కావాల్నా? అన్నం తిన్నాడా వాడు?"

ఫోన్: "క్షమించండి, ఆ సమాచారం నా వద్ద లేదు."

కింద సారాంశం చదవండి. "కాలర్ కారణం తెలపలేదు."

ఆ ముక్క చదివి నేను చాలాసేపు నవ్వా. ఈలోపు అల్లూరులో కథ వేరేగా నడిచింది. అమ్మ ఫోన్ పెట్టేసి నేరుగా మా అత్తకి చేసింది, "వాడి ఫోన్ ఎవురో ఆడమనిషి ఎత్తింది" అని. అత్త మా ఆవిడకి చేసింది. ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో ఈ వీడియోలో చెప్పను. అమ్మైతే ఇప్పటికీ ఎత్తిపొడుస్తానే ఉంది, "నీతో మాట్టాడాలంటే అర్జీ పెట్టుకోవాల్నా నాయనా" అంటది.

నాకు అప్పుడు వెలిగింది. మామూలుగా ఫోన్ రివ్యూ ఎవరు చెప్తారు? చేతిలో పట్టుకున్నోడు. ఈ ఫీచర్‌ని వాడేది మనం, అనుభవించేది అవతలోళ్ళు. రివ్యూ వాళ్ళనే అడగాల. అందుకే నాకు ఫోన్ చేసినోళ్ళందర్నీ వరసగా అడుక్కుంటా వచ్చా.

ఈ గొడవ కొత్తది కూడా కాదు. 2018 మే నెలలో గూగుల్ వాళ్ళు డూప్లెక్స్ అని స్టేజీ మీద చూపించారు. మిషన్ సెలూన్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుంటుంది, మధ్యమధ్యలో మనిషి లాగా "ఊఁ" అంటుంది. హాలు హాలంతా చప్పట్లు. బయట మాత్రం జనం అడిగింది ఒకటే, ఆ సెలూన్‌లో ఫోన్ ఎత్తినామెకి తను మాట్లాడేది మిషన్‌తో అని తెలుసా అని. తర్వాత గూగుల్ దిగొచ్చి, ఇది ఆటోమేటిక్ కాల్ అని ముందే చెప్పిస్తామంది. ఈ ఫోన్ కూడా చెప్తుంది, "డిజిటల్ సహాయకురాలిని" అని. అడిగితేనే చెప్తుంది. అదీ ఆ భాషలో. అల్లూరులో ఆ మాట ఎవురికి అర్థం కావాల?

మా పిన్ని సంగతి ఇంకో తమాషా. ఆమె ఈ అసిస్టెంట్‌తో శుభ్రంగా మాట్లాడింది. మోకాళ్ళ నొప్పులు, వేసుకునే మాత్రలు, కోడలు పట్టించుకోకపోవడం, అన్నీ చెప్పింది. నాతో ఎప్పుడూ అంతసేపు మాట్లాడలా. అంతా స్క్రీన్ మీద అచ్చయి ఉంది. ఆ కాల్ మాత్రం మీకు చూపించను. కంగారుపడి ఫోన్ చేసి "మోకాళ్ళు అంత నొప్పిగా ఉన్నాయా పిన్నీ" అన్నా. ఆమె ఠక్కున, "మిషనే గదా అని చెప్పినా అబ్బయ్యా, నువ్వు చదవతావని తెలిస్తే చెప్పేదాన్నా?" అంది.

1960ల మధ్యలో అమెరికాలో ఎమ్ఐటీ అనే యూనివర్సిటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆయన ఎలైజా అని ఒక ప్రోగ్రామ్ రాశాడు. మనం అన్న మాటనే ప్రశ్నగా తిప్పి అడగడం, దాదాపు అంతే దాని తెలివి. దాంతో టైపు చేసి మాట్లాడతా ఆయన సెక్రటరీ కాసేపటికి ఆయన్నే గదిలోంచి బయటికి పొమ్మందంట. మిషన్ దగ్గర దాపరికం ఉండదు, దాని వెనక నిలబడిన మనిషి దగ్గరే ఇబ్బంది. ఈ ఫోన్ ఆ మనిషిని బయటికి పంపదు. చెప్పిందంతా తెచ్చి నా చేతిలో పెడతంది, అట్టా పెడతందని మా పిన్నికి ఒక్క ముక్క చెప్పదు.

ఇక మా మామ. ఇందుకూరుపేట పక్క రొయ్యల గుంటలు చేస్తాడు. తెల్లవారుజామున కాల్ చేశాడు, జనరేటర్ మెకానిక్ నా ఫ్రెండే కాబట్టి. నేను నిద్రలో ఉన్నా, అసిస్టెంట్ ఎత్తింది. మామ అరుస్తున్నాడు, "కరెంటు పోయిందిరా అల్లుడా, జనరేటర్ ఎక్కల్లా, ఏరేటర్లు ఆగినాయి" అని. రొయ్యలు చేసేవాళ్ళకి నేను చెప్పక్కర్లా, గుంటలో ఆక్సిజన్ అన్నిటికన్నా తగ్గేది తెల్లారే ముందే. ఆ టైంలో నీళ్ళలోకి గాలి కలిపే ఈ ఏరేటర్లు తిరక్కపోతే పంట తేలిపోద్ది. దీని సారాంశం ఏందంటే, "కాలర్ విద్యుత్ అంతరాయం గురించి తెలిపారు. ప్రాధాన్యత: సాధారణం."

సాధారణం!

అక్షరాలన్నీ కరెక్టుగానే రాసుకుంది. మామ గొంతులో వణుకు మాత్రం మొదటి మెట్టులోనే రాలిపోయింది, అక్షరాల్లోకి అది ఎక్కదు కదా. పక్క గుంటాయన జనరేటర్ లాక్కొచ్చి ఇచ్చాడు కాబట్టి సరిపోయింది. మామని రివ్యూ అడిగా. ఆయన చెప్పింది బీప్ వేసినా యూట్యూబ్ ఒప్పుకోదు.

బాగున్న చోట బాగుందనే చెప్పాల. లోన్ కావాలా అని, హైవే పక్కన ప్లాట్లున్నాయి అని చేసేవాళ్ళ మీదకి దీన్ని వదిలితే మహా ఆనందం. ఒకసారి అవతల కూడా మిషనే తగిలింది, రెండూ ధన్యవాదాలు చెప్పుకుంటా కూర్చున్నాయి. మన మిత్ర కూడా అంతే, 2025 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లో పెట్టింది. కరెంటు బిల్లుకో సర్టిఫికెట్‌కో మిషన్‌తో మాట్లాడ్డానికి నాకేం బాధలేదు. ఆఫీసుకి పోయేటప్పుడు కారణం ఉంటుంది. అమ్మకి ఉండదు.

ఇంకొకటి ఉంది, "మీ గొంతుతోనే జవాబు" అని. మన గొంతు రికార్డు చేసుకుని అచ్చం మనలాగే మాట్లాడుతుందంట. ఇది నేను ఆన్ చేయలా, మీరూ చేయొద్దు. 2024 జనవరిలో అమెరికా న్యూ హాంప్‌షైర్‌లో బైడెన్ గొంతుని నకలు చేసి ఓటర్లకి ఫోన్లు చేశారు, ఓటెయ్యొద్దని. వెంటనే ఫిబ్రవరిలో అక్కడ ఫోన్లూ టీవీల మీద పెత్తనం చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ అట్టాంటి ఆటోమేటిక్ కాల్స్ చట్టవిరుద్ధమని తేల్చింది. ఎవరైనా మీవాళ్ళ గొంతుతో అర్జెంటుగా డబ్బులడిగితే పెట్టేసి, మీ కాడున్న నంబరుకి మీరే తిరిగి చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

నాకు అసలు ఒళ్ళు మండింది ఎక్కడంటే, చూడండి, సెట్టింగ్స్, కాల్స్, అసిస్టెంట్, అడ్వాన్స్‌డ్, ఇంకా కిందికి... ఇదిగో, "తెలియని నంబర్లకు మాత్రమే". ఉంది! ఇంత లోపల దాచి, ఆఫ్‌లో పెట్టారు. డబ్బా తెరిచి ఆన్ చేస్తే అమ్మా, లోన్ ఏజెంటూ దీనికి ఒకటే.

కొనాలా? బ్యాటరీ, కెమెరా చూసి కొనేవాళ్ళు కొనుక్కోండి, సిమ్ వేసిన వెంటనే ఆ బటన్ నొక్కండి. నేనైతే కొనను. రేపు కొరియర్‌లో వెనక్కి పంపించేస్తుండా. మీ ఇంట్లో ఎవురైనా ఇట్టాంటి అసిస్టెంట్‌తో మాట్లాడుంటే ఏమన్నారో కింద రాయండి, మీ మాట కాదు, వాళ్ళ మాటే. వచ్చే వీడియో మామ పట్టుబట్టి చేయిస్తుండాడు, కరెంటు పోతే మోగే అలారం గురించి.