క్యాసెట్‌లోకి ఎక్కిస్తే పాట నిజంగా వార్మ్‌గా అవుతుందా?

ముందు ఈ రెండు ముక్కలు వినండి. ఇది ఒకటి... ఇది రెండోది. రెండోదే బాగుంది కదా, నిండుగా, చెవిలో గుచ్చుకోకుండా? దీన్నే వార్మ్ అంటారు. మొదటిది ల్యాప్‌టాప్‌లో చేసిన మిక్స్, అంటే గొంతు, వాయిద్యాలు అన్నీ కలిపిన పాట, ఉన్నదున్నట్టు. రెండోది అదే మిక్స్‌ని క్యాసెట్ డెక్‌లోకి పంపి, టేపు మీద రికార్డ్ చేసి, మళ్ళీ ల్యాప్‌టాప్‌లోకి లాక్కున్నది. ఇందులో ఒక చిన్న మోసం చేశాను, అది తర్వాత చెప్తా.

డెక్ మా నాన్నది, ఏళ్ళ తరబడి అటక మీదే పడుంది. ఆన్ చేస్తే మోటారు చప్పుడు వస్తోంది గానీ క్యాసెట్ తిరగదు, విప్పి చూస్తే రబ్బరు బెల్టు కరిగి తారులాగా అంటుకుపోయింది. కోఠి గుజరాతీ గల్లీలో షాపు షాపూ తిరిగితే చివరికి సైజుకు సరిపోయేది దొరికింది. క్యాసెట్ల కోసం ఎర్రగడ్డ సండే మార్కెట్‌కి వెళ్తే ఖాళీవి ఒక్కటీ లేవు, భక్తి పాటలవి మాత్రం కుప్పలు! పర్లేదు, వాటి వెనకంచున రెండు మూలల్లో చిన్న గుంతలుంటాయి, అక్కడ సెల్లో టేప్ అంటిస్తే రికార్డ్ బటన్ దిగుతుంది. "దేవుడి పాటలు చెరిపేస్తావట్రా" అని మా అమ్మ ఇంకా సణుగుతూనే ఉంది, అది వేరే విషయం.

ఇంతకీ టేపు చేసే పనేంటి? 1963లో ఫిలిప్స్ ఈ క్యాసెట్‌ని తెచ్చినప్పుడు ఇది ప్రధానంగా మాటలు రికార్డ్ చేసుకోవడానికే. వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు, నడిచేది సెకనుకి 4.76 సెంటీమీటర్లు, అదే స్టూడియోల్లో పెద్ద టేపు 38 సెంటీమీటర్లు, ఒక్కోసారి 76 కూడా పరిగెత్తేది. దాని మీది ఐరన్ ఆక్సైడ్ పూత కొంతవరకే అయస్కాంతత్వాన్ని పట్టుకోగలదు. డిజిటల్‌లో లెవెల్ సున్నా (అక్కడ అదే గరిష్ఠం) దాటిందంటే కత్తెరతో కోసినట్టు తెగిపోతుంది, టేపు అలా కాదు, మెల్లగా లొంగుతుంది: డ్రమ్ దెబ్బ కొస గుండ్రబడుతుంది, అసలు సౌండ్‌లో లేని హార్మోనిక్స్ (స్వరానికి రెండు రెట్లు, మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలో పుట్టే సౌండ్లు), ముఖ్యంగా మూడోది, వచ్చి కలుస్తాయి, ట్రెబుల్ అందరికంటే ముందు చేతులెత్తేస్తుంది. మీరు వార్మ్ అంటున్నది ఈ లొంగుబాటునే, అందుకే అసలు కిటుకు రికార్డ్ లెవెల్ నాబ్‌లో ఉంది. మీటర్‌ని భయపడి కింద ఉంచారనుకోండి, మీకు దక్కేది హిస్, అంటే టేపు చేసే "స్‌స్" మోత ఒక్కటే. ఎరుపులోకి కొంచెం తోయండి, వినండి, ఇంకొంచెం తోయండి. దానికి ముందు హెడ్‌ని, అంటే టేపుకి తగిలే భాగాన్ని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, లేకపోతే వార్మ్ కాదు, మట్టి.

ఇంకో తలనొప్పి స్పీడు. ఒక డెక్‌లో రికార్డ్ చేసి ఇంకోదాంట్లో ప్లే చేశారు, రెండింటికీ ఒక్క శాతం తేడా ఉంది, నాలుగు నిమిషాల పాటలో దాదాపు 2.4 సెకన్లు జరిగిపోతుంది, శ్రుతి కూడా సుమారు 17 సెంట్లు (పక్క పక్క కీల మధ్య దూరంలో వందో వంతు ఒక సెంటు) తప్పుతుంది, తంబూరా పెట్టుకుని పాడేవాళ్ళు ఊరుకుంటారా? రెండు పనులూ ఒకే డెక్‌లో చేస్తే ఆ తేడా చాలావరకు పోతుంది గానీ కొంచెం ఊగుడు ఉంటుంది, అందుకే పాట మొదట్లో ఒకటి, చివర ఒకటి చప్పట్ల సౌండ్ పెట్టుకుంటే ల్యాప్‌టాప్‌లో తాళం గీతల (గ్రిడ్) మీద కూర్చోబెట్టడం తేలిక.

సరే, మోసం సంగతి. ఇందాక రెండో ముక్కని 2 డెసిబెల్స్ పెంచి వినిపించాను. కాస్త గట్టిగా వినిపించేదే మన చెవికి మంచిదనిపిస్తుంది, "టేపు మ్యాజిక్" వీడియోలు చూసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు రెండూ సమానంగా వినండి... తేడా ఉంది, కానీ ఇందాకటంత లేదు కదా? నాకైతే డ్రమ్స్‌కీ కీబోర్డ్‌కీ టేపే నచ్చింది. గొంతు మాత్రం "స", "ష" దగ్గర ముద్దముద్దగా అయిపోయింది, దాన్ని తీసేసి డిజిటల్‌దే పెట్టేశా. ఆ మిక్స్ ఇదిగో.