నీరూ కాక, మంచూ కాక

మిత్రులారా, నమస్కారం.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు ఉత్తర కొసన, సుపీరియర్ సరస్సు ఒడ్డున, బేఫీల్డ్ అనే చిన్న ఊరుంది. దానికి ఎదురుగా దాదాపు నాలుగు కిలోమీటర్ల దూరంలో మాడలిన్ దీవి, అందులో లా పాయింట్ గ్రామం. మధ్యలో వంతెన లేదు. వేసవిలో యాత్రికులతో కిటకిటలాడే ఆ దీవిలో ఆకులు రాలేసరికి కొన్ని వందల మందే మిగులుతారు. చలికాలం ముంచుకొచ్చే రోజుల్లో వాళ్ల బతుకు ఎలా సాగుతుందో చెబుతాను.

ముందుగా ఆ నేల ఎవరిదో చెప్పాలి. అక్కడి ఆదివాసులైన ఓజిబ్వే ప్రజలకు ఆ దీవి పవిత్ర స్థలం. వాళ్ల పెద్దలు 1854లో అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది లా పాయింట్‌లోనే. అక్కడికి దగ్గర్లోని చిత్తడి నేలల్లో ఇప్పటికీ వేసవి చివర మనూమిన్ అనే, నీళ్లలో పెరిగే అడవి ధాన్యం కోతకొస్తుంది. దాన్ని కొడవలితో కోయరు. ఒకరు పడవ నడుపుతుంటే మరొకరు ఒక కర్రతో కంకులను పడవ మీదికి వంచి, ఇంకో కర్రతో మెల్లగా తడతారు. పండిన గింజ పడవలో రాలుతుంది, పండనిది కంకికే ఉంటుంది. కొంత నీళ్లలో పడి మరుసటి ఏటికి విత్తనమవుతుంది. ఇంత మర్యాదగా సాగే కోత మరొకటి ఉంటుందా అనిపిస్తుంది నాకు.

అక్టోబరులో మేపుల్ చెట్లు ఎర్రబారుతాయి, బేఫీల్డ్‌లో ఆపిల్ పండుగ జరుగుతుంది. అంత ఉత్తరాన పళ్లతోటలు నిలవడానికి కారణం సరస్సే. వేసవంతా దాచుకున్న వేడిని అది నెమ్మదిగా వదులుతూ ఒడ్డు మీద తొలి మంచు త్వరగా పడకుండా ఆపుతుంది. 82 వేల చదరపు కిలోమీటర్ల నీరు, 400 మీటర్లు దాటిన లోతు! అంత నీరు ఒక్క నెలలో చల్లారదు. పైనీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, అడుగునీరు పైకొస్తుంది. మొత్తం నాలుగు డిగ్రీలకు చేరేదాకా ఈ కలగలుపు ఆగదు. ఆ తర్వాతే పైపొర గడ్డకట్టగలదు.

అందుకే నవంబరు భయంకరమైన నెల. ఉత్తరం నుంచి దిగే చలిగాలి, ఇంకా వేడి తగ్గని నీళ్లు ఢీకొంటాయి. 1975 నవంబరు 9న సుపీరియర్ రేవు నుంచి ఇనుప ఖనిజంతో బయలుదేరిన ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ ఓడ మర్నాడు తుపానులో మునిగిపోయింది. 29 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు.

దీవి వాళ్లకు మాత్రం అసలు కష్టం ఆ తర్వాత వస్తుంది. నీళ్లున్నంతకాలం ఫెర్రీ నడుస్తుంది. మంచు గట్టిపడితే దాని మీదే కార్లు వెళతాయి. ఈ రెంటికీ మధ్య పడవను సాగనివ్వని, మనిషి బరువును ఆపలేని పలచటి మంచు ఉండే రోజులున్నాయే, అవే గండం. అప్పుడు వెనక పెద్ద పంకాలు బిగించిన విండ్‌స్లెడ్ అనే బండి నీళ్ల మీదా మంచు మీదా జారుతూ జనాన్ని దాటిస్తుంది. పై తరగతుల పిల్లలు బేఫీల్డ్ బడికి వెళ్లేది దానిలోనే.

మంచు తగినంత మందమయ్యాక దారి తెరుస్తారు. పండుగ అయిపోయిన క్రిస్మస్ చెట్లను వరుసగా మంచులో పాతి హద్దులు గుర్తిస్తారు. మంచు తుపానులో దారి చూపేది ఆ చెట్లే. సీటు బెల్టు విప్పి, అద్దాలు దించి, నెమ్మదిగా నడపమంటారు. వేగంగా పోతే మంచు కింద నీళ్లలో అల లేచి ముందున్న మంచును పగలగొట్టగలదు.

ఇప్పుడు నీటికీ గట్టి మంచుకూ నడుమ ఉండే ఆ మధ్యకాలమే పొడవవుతోంది. ప్రపంచంలో వేగంగా వేడెక్కుతున్న పెద్ద సరస్సుల్లో సుపీరియర్ ఒకటి. 2014లో 90 శాతానికి పైగా గడ్డకట్టిన ఈ సరస్సులో 2024 చలికాలంలో పట్టిన మంచు బహు స్వల్పం. ఫెర్రీ చలికాలమంతా నడిస్తే మేలే కదా అనుకోవచ్చు. జాలర్లు అలా అనుకోలేరు. వాళ్లు పట్టే వైట్‌ఫిష్ అనే చేప శరదృతువు చివర, లోతు తక్కువ నీళ్లలో, రాళ్ల సందుల్లో గుడ్లు పెడుతుంది. అవి పిల్లలయ్యేది వసంతంలో. పైన మంచు కప్పు ఉంటే అలల తాకిడికి గుడ్లు చెదిరిపోవు. కప్పు లేని చలికాలంలో ఎన్ని గుడ్లు పోయాయో ఆ ఏడు ఎవరికీ కనబడదు. కొన్నేళ్ల తర్వాత, వల పైకి లాగినప్పుడు తెలుస్తుంది.