ఎర్రగా కాలిన ఇనుము అయస్కాంతానికి ఎందుకు అంటుకోదు

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికీ, అధ్యాపక మిత్రులకీ, వెనక బెంచీల్లో కూర్చున్న పిల్లలకీ. సైన్స్ దినోత్సవం కాబట్టి రామన్ గారి గురించి మాట్లాడమన్నారు. నా తరవాత మాట్లాడేవాళ్లు ఆ పని చేస్తారు. నా సమయమంతా ఒక ఇనుప కడ్డీకే ఇస్తాను.

నేను లెక్చరరుగా చేరిన కొత్త. మా ఊరి కమ్మరి ఆచారి గారు కొలిమిలోంచి కడ్డీని పటకారుతో తీశారు. నారింజ రంగులో ఉంది. పాత రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి పక్కన వేలాడదీశారు. అది కదల్లేదు. కడ్డీ ముదురు ఎరుపుకి దిగిందో లేదో, ఊగి టక్కున అంటుకుంది.

"అదే ఇనుము కదా మాస్టారూ, ఇందాక ఎందుకు పట్టలేదు?"

"లోపలి పరమాణువులన్నీ చిన్న చిన్న అయస్కాంతాలు ఆచారి గారూ. వేడికి చెదిరిపోతాయి" అన్నాను.

"అంత మంట పెడితే గానీ చెదరలేదంటే, వాటిని అంత గట్టిగా పట్టి ఉంచిందేమిటి?"

ఇంటికెళ్లి లెక్క వేశాను. పక్కపక్క పరమాణువులను వాటి అయస్కాంత బలమే పట్టి ఉంచితే, మైనస్ 272 డిగ్రీల దగ్గరే, అంటే అతి తక్కువ ఉష్ణోగ్రత అయిన మైనస్ 273కి ఒక్క డిగ్రీ పైనే చెదిరిపోవాలి. ఇనుము 770 దాకా, అంటే అక్కణ్ణుంచి వెయ్యి డిగ్రీలకు పైగా నిలుస్తోంది. వెయ్యి రెట్లు తేడా! నేను పాఠం చెప్పిన పుస్తకంలో ఈ లెక్క లేదు. ఇప్పటికీ నాకు అదే బాధ.

అంత పెద్ద బలం ఉండి తీరాలని 1907లో వైస్ అనే భౌతికశాస్త్రవేత్త ఊహించాడు. అదెక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేకపోయాడు. పాత భౌతికశాస్త్రంతో అసలు అయస్కాంతత్వాన్నే వివరించలేమని 1911లో బోర్, 1919లో లైడెన్‌లో హెండ్రికా వాన్ లీవెన్ తమ సిద్ధాంత వ్యాసాల్లో నిరూపించారు. బోర్ పేరు మీ అందరికీ తెలుసు. ఆవిడ పేరు విన్నవాళ్లు చేతులెత్తండి. చూశారా!

జవాబు 1928లో హైసెన్‌బర్గ్ ఇచ్చాడు. ఆ బలం విద్యుత్తుది. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ప్రతి ఎలక్ట్రానుకీ స్పిన్ అనే గుణం ఉంటుంది, దానివల్లే అది చిన్న అయస్కాంతంలా ఉంటుంది. స్పిన్ ఒకేలా ఉన్న రెండు ఎలక్ట్రాన్లు పౌలీ నియమం వల్ల ఒకే చోటికి రాలేవు, దూరం దూరంగా మసులుతాయి. అప్పుడు ఆ నెట్టుకోవడం వల్ల అయ్యే శక్తి ఖర్చు తగ్గుతుంది. అందుకే ఇనుములో ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒకే వైపుకి తిరిగి ఉంటాయి. అధ్యాపక మిత్రులారా, దయచేసి ఆ వెయ్యి రెట్ల లెక్క బోర్డు మీద వేసి, ఆ తరవాతే ఈ మాట చెప్పండి.

ఇదంతా ఆచారి గారికి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి రాగిలోనూ ఎలక్ట్రాన్లున్నాయిగా?" అన్నారు.

ఉన్నాయి. కానీ స్పిన్‌లన్నీ ఒకే వైపుకి తిరగాలంటే కొన్ని మరింత వేగంగా పరుగెత్తాలి, దానికీ శక్తి కావాలి. రాగిలో మిగిలేది తక్కువ, ఖర్చయ్యేది ఎక్కువ. ఇనుములో తిరగబడుతుంది. ఈ పెనుగులాటని 1963లో హబ్బర్డ్ అనే భౌతికశాస్త్రవేత్త రెండే పదాలున్న సమీకరణంగా రాశాడు. ఒకటి ఎలక్ట్రాన్ పక్క పరమాణువుకి గెంతడం, రెండోది ఒకే పరమాణువు మీద రెండు చేరితే కట్టాల్సిన మూల్యం. వరసగా ఒకే గీత మీద పరమాణువులుంటే ఆ సమీకరణాన్ని 1968లో లీబ్, వూ అనే ఇద్దరు కచ్చితంగా సాధించారు. గళ్ల చాపలా పరిస్తే, పూర్తి సాధన ఈరోజుకీ ఎవరికీ చిక్కలేదు.

ఆ రెండు పదాలూ రాసి చూపిస్తాను. ఎవరైనా సుద్దముక్క ఇస్తారా?