చివరి పిడికెడు గోధుమ: కార్న్‌వాల్ ఊరి సంఘాల కథ

[దృశ్యం: కోత ముగిసిన గోధుమ చేను. మధ్యలో ఒక్క పిడికెడు పైరు మాత్రం నిలబడి ఉంది. చుట్టూ కొంతమంది మౌనంగా నిలుచున్నారు.]

వ్యాఖ్యాత: చేనంతా కోసి ఈ ఒక్క పిడికెడును వదిలిపెట్టింది మరచిపోయి కాదు. కాసేపట్లో ఒకరు ముందుకు వచ్చి దాన్ని కోసి, తలపైకెత్తి, "దొరికింది! దొరికింది! దొరికింది!" అని కేక వేస్తారు. చుట్టూ ఉన్నవారు "ఏం దొరికింది?" అని మూడు మార్లు అడుగుతారు. "మెడ! మెడ! మెడ!" అని జవాబు వస్తుంది. చివరగా కోసిన కంకుల కట్టకు అక్కడి రైతులు పెట్టుకున్న పేరు అది. కోతలు ముగిశాయని ఊరికి చాటే ఈ ఆచారం, కోత యంత్రాలు వచ్చాక చేలలోంచి తప్పుకున్నది. దాన్ని మళ్లీ చేలోకి తీసుకువచ్చింది ప్రభుత్వమూ కాదు, విశ్వవిద్యాలయమూ కాదు. చిన్న చిన్న పట్టణాల్లో ఊరివాళ్లు పెట్టుకున్న సంఘాలు.

[పటం: బ్రిటన్ నైరుతి కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన కార్న్‌వాల్.]

వ్యాఖ్యాత: పరిపాలన లెక్కల్లో కార్న్‌వాల్ ఇంగ్లండ్‌లోని ఒక కౌంటీ. అక్కడివారిలో చాలామంది మాత్రం తమ నేలను కెర్నో అని పిలుచుకుంటారు. ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐల్ ఆఫ్ మాన్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీలతో పాటు తమదీ కెల్టిక్ జాతేనని, అంటే ఒకే కుటుంబానికి చెందిన పాత భాషలు మాట్లాడిన జాతుల్లో ఒకటని చెబుతారు. వారి భాష కార్నిష్, వెల్ష్‌కు, బ్రెటన్‌కు తోబుట్టువు. 1777లో మౌజల్ అనే బెస్త పల్లెలో మరణించిన డాలీ పెంట్రీత్‌ను ఆ భాష మాట్లాడిన చివరి మనిషిగా చెప్పుకోవడం వాడుక. ఆ మాట పూర్తిగా నిజం కాదు. ఆమె పోయి దాదాపు నూరేళ్లయ్యాక, 1875లో, హెన్రీ జెన్నర్ అనే యువ పండితుడు అదే తీరానికి వెళ్లినప్పుడు, కార్నిష్‌లో అంకెలు లెక్కపెట్టగల ముసలివాళ్లు ఇంకా కనిపించారు. భాష పోయినా లెక్క మిగిలింది. జెన్నర్ 1904లో కార్నిష్ నేర్చుకోవడానికి ఒక కరదీపిక రాశాడు. అదే ఏడాది కెల్టిక్ జాతుల ఉమ్మడి సభ అయిన కెల్టిక్ కాంగ్రెస్ కార్న్‌వాల్‌ను తమలో ఒకటిగా అంగీకరించింది.

అయితే పుస్తకం వేరు, ఊరు వేరు. ఊళ్లోకి ఈ పనిని దింపినవాడు రాబర్ట్ మోర్టన్ నాన్స్. ఆయన పుట్టింది కార్న్‌వాల్‌లో కాదు, వేల్స్‌లోని కార్డిఫ్‌లో, అక్కడికి వలస వెళ్లిన కార్నిష్ తల్లిదండ్రులకు. జెన్నర్ కూడా దాదాపు ఉద్యోగ జీవితమంతా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో గడిపాడు. ఇంటికి దూరంగా పెరిగినవారికే ఇంట్లో ఏ వస్తువు కనబడడం లేదో ముందుగా తెలుస్తుందేమోనని నాకు అనిపిస్తుంది.

[దృశ్యం: సెయింట్ ఐవ్స్ రేవు. పాత పడవల బొమ్మలు.]

వ్యాఖ్యాత: 1920లో నాన్స్ సెయింట్ ఐవ్స్ పట్టణంలో మొదటి ఓల్డ్ కార్న్‌వాల్ సొసైటీని స్థాపించాడు. ఇతర పట్టణాలు అదే బాట పట్టాయి. 1924లో అవన్నీ ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఆ సమాఖ్య ధ్యేయవాక్యం బైబిల్ చదివిన తెలుగువారికి వెంటనే తడుతుంది. ఐదు రొట్టెలతో ఐదువేల మంది తిన్న తరువాత, ఏదీ వృథా కాకుండా మిగిలిన ముక్కలను పోగుచేయమని యేసు శిష్యులతో అన్న మాట యోహాను సువార్తలో ఉంది కదా, ఆ మాటనే కార్నిష్‌లోకి మార్చి పెట్టుకున్నారు.

ముక్కలు పోగుచేయడమంటే ఏమిటో కొంచెం నిలబడి చూడాలి. నాన్స్‌కు ఓడలన్నా, సముద్రమన్నా ప్రాణం. వల, తెడ్డు, చేప, గాలి, అలల తీరు వంటి వాటికి బెస్తవారు వాడే మాటలను ఆయన ఏళ్ల తరబడి రాసుకున్నాడు, ఎందుకంటే ఇంగ్లీషు మాట్లాడుతున్నవారి నోట కూడా పనిముట్ల పేర్లలో పాత భాష దాగి ఉన్నది. సంఘాల సభ్యులు తమ తమ ఊళ్లలో చేసినదీ అటువంటి పనే: చేల పేర్లు, రాతి శిలువలు, పవిత్రమని నమ్మిన బావులు, సామెతలు, పిల్లల ఆటలు, అవ్వలు చెప్పే కథలు. ఈ వివరాలకు అచ్చులో చోటు ఉండాలని 1925లో ఒక పత్రికను కూడా ప్రారంభించారు. రాజధానిలోని పండితుడికి ఒక రాతి శిలువ ఒక లెక్క మాత్రమే. అది ఏ గేటు పక్కన వాలిపోయి ఉందో, దాని పక్కగా ఎవరి పశువులు వెళతాయో పక్కింటివాడికి మాత్రమే తెలుస్తుంది. ఈ సంఘాల బలమంతా ఆ పక్కింటితనంలోనే ఉంది.

[దృశ్యం: బోస్కావెన్ ఊన్ శిలావలయం. నీలిరంగు అంగీలు ధరించిన బార్డులు, అంటే గోర్సెత్ సభ సభ్యులు.]

వ్యాఖ్యాత: ఇక్కడ ఒక ఇబ్బందికరమైన ప్రశ్నను దాటవేయకూడదు. 1928 సెప్టెంబరులో, 19 నిలువు రాళ్ల ఈ వలయంలో, కవులూ, కార్న్‌వాల్‌కు సేవ చేసినవారూ సభ్యులుగా గోర్సెత్ అనే సభ జరిగింది. జెన్నర్ దానికి తొలి అధిపతి. రాళ్లు కంచు యుగానివి, సభ మాత్రం కొత్తది. దాన్ని వేల్స్ సభను చూసి రూపొందించారు. ఆ వేల్స్ సభను కూడా 1792లో లండన్‌లోని ఒక గుట్ట మీద ఇయోలో మోర్గాన్వుగ్ అనే కవి సొంత ఊహతో మొదలుపెట్టి, ప్రాచీనమని నమ్మించాడు. భాష సంగతీ కొంత ఇంతే. పాత కార్నిష్ నాటకాల్లో దొరకని మాటలకు నాన్స్ వెల్ష్, బ్రెటన్ భాషలను చూసి రూపాలు కల్పించాడు. ఆ తరువాతి తరాలవారు ఆయన వర్ణక్రమాన్ని ఒప్పుకోలేదు. పోటీ వర్ణక్రమాలు పుట్టి, దశాబ్దాల పాటు వాదులాడుకుని, 2008లో గానీ అందరికీ పనికివచ్చే ఒక రాతరూపం మీద రాజీకి రాలేదు.

అయితే ఇదంతా నకిలీయా? నా ఉద్దేశంలో కాదు, కానీ రెండింటినీ కలిపివేయడం మాత్రం తప్పు. ముసలి బెస్తవాడి నోటి నుంచి విని రాసుకున్న మాట ఒక రకం ఆస్తి; దానికి అంటు కట్టిన మాట మరొక రకం. ఏది ఏదో రాసిపెట్టి ఉన్నంతకాలం అంటు కట్టడంలో తప్పు లేదు.

[పాత ఛాయాచిత్రాలు: గని ఇంజన్ల రాతి భవనాలు, ఓడ ఎక్కుతున్న కుటుంబాలు.]

వ్యాఖ్యాత: 1866లో రాగి గనులు దెబ్బతిన్నాక కార్నిష్ గని కార్మికుల వలస ఉధృతమయింది. దక్షిణ ఆస్ట్రేలియాలో వారు పెట్టుకున్న సంఘం 1890 నాటిది. అక్కడి మూంటా, కడీనా, వలారూ పట్టణాల్లో 1973 నుంచి రెండేళ్లకోసారి కార్నిష్ ఉత్సవం జరుగుతున్నది. మెక్సికోలోని రియల్ డెల్ మాంటేలో వారు తీసుకువెళ్లిన పేస్టీ, అంటే మాంసమూ దుంపలూ పెట్టి కాల్చే మడత రొట్టె, ఇప్పుడు ఊరి సొంత వంట. మనకు దగ్గరలో, కోలార్ బంగారు గనులకు కూడా వారు వచ్చారు. 1880ల నుంచి ఆ గనులను నడిపిన జాన్ టేలర్ సంస్థ కార్నిష్ పనివారిని రప్పించింది. అవే గనుల్లోకి చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువారూ దిగారు. 2001లో ఆ గనులు మూతపడ్డాయి.

గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 2010లో యునెస్కో కార్నిష్‌ను "అంతరించిన" భాషల వరుస నుంచి తప్పించింది. 2014లో బ్రిటన్ ప్రభుత్వం కార్నిష్ ప్రజలను జాతీయ అల్పసంఖ్యాకులుగా అంగీకరించి, రెండేళ్లకే భాషకు ఇస్తున్న నిధులను ఆపివేసింది.

[దృశ్యం: జూన్ 23, సాయంత్రం. చాపెల్ కార్న్ బ్రే కొండ మీద పేర్చిన కట్టెలు.]

వ్యాఖ్యాత: సంఘాలు 1929లో తిరిగి మొదలుపెట్టిన మరో ఆచారం సెయింట్ జాన్ పండుగ ముందురోజు వేసే మంటలు. పడమటి కొసన ఉన్న ఈ కొండ మీద ముందుగా మంట వేస్తారు. ఒక స్త్రీ మంచి మూలికలనూ పనికిరాని కలుపునూ ఒకే కట్టగా కట్టి, కార్నిష్ మాటలు పలికి, నిప్పులో వేస్తుంది. ఇక్కడి మంట కనబడగానే తూర్పున ఉన్న కొండ మీదివారు తమ కట్టెలకు నిప్పు పెట్టాలి, వారిది చూసి ఆ పై కొండవారు. కార్న్‌వాల్‌లో జూన్‌లో కూడా మబ్బు తరచుగా కొండల మీదికి దిగుతుంది. అటువంటి సాయంత్రాల్లో మొదటి మంట కనబడకపోయినా, అవతలివారు గడియారం చూసి తమ మంట వేస్తారు.