ఆకును కోసి చూస్తే: విశాఖ చెరువుల్లో, కొండల మీద దురాక్రమణ మొక్కలు

సభకు నమస్కారం.

దురాక్రమణ మొక్కల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన చర్చ అవి ఏ దేశం నుంచి వచ్చాయన్న దగ్గరే ఆగిపోతుంది. మన వంటింట్లోని మిరప, టమాటా కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. వాటితో మనకు పేచీ లేదు. ఎవరూ నాటకపోయినా తమంతట తాము వ్యాపిస్తూ, స్థానిక జీవజాలాన్ని పక్కకు నెట్టేవే దురాక్రమణ మొక్కలు. ఆ బలం వాటికి ఎలా వచ్చిందో చాలా వరకు ఆకు నిర్మాణంలోనే కనిపిస్తుంది.

ఆకును అడ్డంగా పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద ఉంచితే, పైన అవభాసిని అనే మైనపు పూత, దాని కింద బాహ్యచర్మం, ఆ తరువాత నిలువుగా బారులు తీరిన స్తంభ మృదుకణజాలం, దిగువన గాలి ఖాళీలతో నిండిన స్పంజి మృదుకణజాలం, వీటి మధ్య ఈనెలు కనిపిస్తాయి. పత్రరంధ్రాల గుండా కార్బన్ డయాక్సైడ్ లోపలికి వస్తుంది. అదే దారిన నీటి ఆవిరి బయటికి పోతుంది. తూర్పు కనుమల పొడి అడవుల్లో పెరిగే అల్లి చెట్టు ఆకు మందంగా, తోలులా ఉంటుంది. దానిని తయారు చేసుకోవడానికి ఖర్చు ఎక్కువ, కానీ అది చాలా కాలం నిలుస్తుంది. దురాక్రమణ మొక్కల్లో చాలా వాటి పద్ధతి వేరు: నత్రజని దండిగా ఉన్న పలుచని ఆకును చవకగా వేసుకుని, పెట్టిన పెట్టుబడిని త్వరగా రాబట్టుకుని, వెంటనే మరో ఆకు వేస్తాయి. అయితే ఈ వ్యాపారం సాగాలంటే వెలుతురు, పోషకాలు పుష్కలంగా ఉండాలి, వాటిని సమకూర్చి పెడుతున్నది ఎక్కువగా మనమే.

అమెజాన్ పరీవాహక ప్రాంతానికి చెందిన గుర్రపు డెక్కను చూడండి. దాని ఆకు కాడను చీలిస్తే లోపలంతా గాలి గదులతో కూడిన వాయుగత మృదుకణజాలమే. మొక్క తేలేది దాని వల్లే. నీటి మీద చోటు ఉన్నంత కాలం కాడలు బుడగల్లా ఉబ్బి పక్కలకు పరుచుకుంటాయి, మొక్కలు కిక్కిరిసినప్పుడు అవే కాడలు సన్నగా, పొడవుగా పైకి లేచి వెలుతురు కోసం పోటీ పడతాయి. నీటి మీద తేలే కలువ ఆకుకు పత్రరంధ్రాలు పైవైపునే ఉంటాయి, ఎందుకంటే దాని అడుగు నీటిని అంటుకుని ఉంటుంది. గాలిలో నిలబడే గుర్రపు డెక్క ఆకుకు రెండు వైపులా ఉంటాయి. అనుకూల పరిస్థితుల్లో ఈ మొక్కల సంఖ్య ఒకటి రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. ఆ చాప కింద నీటికి వెలుతురు అందదు, ప్రాణవాయువు తగ్గిపోతుంది, చేపలు చనిపోతాయి.

నగర శివార్లలోని చెరువుల్లోకీ గెడ్డల్లోకీ ఇళ్ల మురుగు కలిసిన చోట నత్రజని, భాస్వరం దానికి కావలసినంత దొరుకుతాయి. మురుగును ఆపకుండా యంత్రాలతో డెక్కను తోడి, గట్టు మీదే కుప్ప పోసి, ఫొటోలు తీయించుకోవడం నా దృష్టిలో శుభ్రపరచడం కాదు. మిగిలిన నాలుగు మొక్కలకు చోటు, ఎరువు రెండూ అప్పగించడమే.

వయ్యారిభామ గురించి ఎక్కువ చెప్పను; దాని ఆకు నూగులోని పార్థెనిన్ అనే రసాయనం వల్ల చర్మం దురద పెట్టిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది.

కొండల మీద సమస్య లాంటానా. అమెరికా ఉష్ణమండలానికి చెందిన ఈ పూల పొద 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు అలంకారంగా వచ్చింది. దాని ఆకు గరుకు నూగుతో ఉంటుంది, అందులోని లాంటడీన్లు అనే రసాయనాలు పశువుల కాలేయానికి విషం. పశువులు దానిని వదిలి చుట్టుపక్కల మొక్కలను మేస్తాయి కనుక, మేత ఎక్కువైన కొద్దీ పోటీ తగ్గేది దానికే. పెద్ద చెట్ల దట్టమైన నీడలో అది అంతగా పెరగదు, కొమ్మల కప్పు తెగిన చోట విజృంభిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు అటువంటి తెరపి ఒక్క పూటలో ఎలా ఏర్పడుతుందో ఈ నగరం చూసింది.

అందుకే విశాఖ పక్కనున్న కంబాలకొండ అభయారణ్యం వంటి చోట్ల లాంటానాను పైపైన నరికితే ప్రయోజనం ఉండదు. మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. కాయలు పండకముందే, మట్టి కింద వేరు మొదలు దగ్గర తెగ్గొట్టి, మొక్కను తలకిందులుగా పడవేయాలి. ఖాళీ అయిన నేలలో నేరేడు, అల్లి వంటి నీడనిచ్చే స్థానిక చెట్లను నాటాలి. పిగిలిపిట్టలు కొత్త విత్తనాలను తెచ్చి వేస్తూనే ఉంటాయి కాబట్టి, ఆ చెట్ల కొమ్మలు కలుసుకునే దాకా ప్రతి వర్షాకాలం తరువాత మొలకలను పీకే పని తప్పదు.