రూమర్స్: అరుగుతున్న టేపు మీద కట్టిన ఆల్బమ్

అందరికీ నమస్కారం.

ఫ్లీట్‌వుడ్ మాక్ బ్యాండు 'రూమర్స్' ఆల్బమ్ గురించి ఎవరు మాట్లాడినా ముందు వాళ్ల కాపురాల గొడవే ఎత్తుకుంటారు. దాన్ని రెండు ముక్కల్లో చెప్పి పక్కన పెడదాం. 1976లో ఆ పాటలు రికార్డు చేసే రోజుల్లో కీబోర్డు వాయిస్తూ పాడే క్రిస్టీన్ మెక్‌వీ, బేసు గిటార్ వాయించే ఆమె భర్త జాన్ మెక్‌వీ విడిపోతున్నారు. గిటారిస్టు లిండ్సే బకింగ్‌హామ్, గాయని స్టీవీ నిక్స్ అప్పటికే తెగదెంపులు చేసుకున్నారు. డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్ సంసారమూ కూలిపోతోంది. పాటల్లో ఒకరిని ఉద్దేశించి ఒకరు రాసుకున్నవి ఉన్న మాట నిజమే. అయితే కొట్టుకునే బ్యాండ్లు లోకంలో కొల్లలు, 4 కోట్ల ప్రతులు అమ్ముడైన ఆల్బమ్‌లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి ఇవాళ మనం చూడాల్సింది టేపు మీద ఏం జరిగిందన్నదే.

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన, గోల్డెన్ గేట్ వంతెన అవతల సాసలీటో అనే ఊళ్లో రికార్డ్ ప్లాంట్ స్టూడియో ఉండేది. 1976 తొలి నెలల్లో బ్యాండు అక్కడ దిగింది. బ్యాండుతో పాటు కెన్ కైలా, రిచర్డ్ డాషట్ నిర్మాతలు. ఇంజనీరింగ్ భారం ఎక్కువగా కైలాదే. గదిలో 24 ట్రాకుల (ఒకే టేపు మీద పక్కపక్కనే 24 శబ్దాలను విడివిడిగా నిలిపే) 3ఎం టేపు యంత్రం, ఆ శబ్దాలను సర్ది కలిపే ఏపీఐ మిక్సింగ్ కన్సోల్ ఉన్నాయి. పరికరాలకు వంక పెట్టడానికి లేదు, వంకంతా గదిలోనే. గోడల నిండా శబ్దాన్ని పీల్చే మెత్తలు, కిటికీలు లేవు. అలాంటి గదిలో డ్రమ్ము కొడితే దెబ్బ వినిపిస్తుంది గాని దాని వెనక ఉండాల్సిన గాలి వినిపించదు. ఆ లోటు తీర్చడానికే ఈ ఆల్బమ్‌లో పొర మీద పొర వేసే పని అంత ఎక్కువైంది.

పని వరస ఇది. ముందు బేసిక్ ట్రాకు: డ్రమ్ములు, బేసు, ఒక గిటారో కీబోర్డో, దారి చూపడానికి ఒక గొంతు, అన్నీ కలిసి వాయించాలి. అందులో చివరిదాకా ఉంచాల్సింది డ్రమ్ములు, బేసు మాత్రమే. మిగతావన్నీ తర్వాత ఒక్కొక్కటిగా ఓవర్‌డబ్ చేసుకోవచ్చు, అంటే ఉన్నదాన్ని వింటూ వేరే ట్రాకులో కొత్తగా చేర్చుకోవచ్చు. అదే కాలంలో మన మద్రాసు స్టూడియోల్లో సినిమా పాటంటే ఆర్కెస్ట్రా, గాయకులు కలిసి ఒకే టేకులో ముగించడం మామూలు. ఎవరు తప్పు చేసినా అందరూ మళ్లీ మొదలుపెట్టాలి. 24 ట్రాకుల పద్ధతిలో ఆ బాధ లేదు, కాని దాని బదులు ఇంకో బాధ ఉంది. ఏదీ పూర్తయిందని ఎవరూ అనరు.

'డ్రీమ్స్' పాట సంగతే తీసుకోండి. నిక్స్ దాన్ని స్టూడియోలోని ఒక పక్క గదిలో, ఎలక్ట్రిక్ పియానో ముందు కూర్చుని కాసేపట్లోనే రాసేసింది. పాట దాదాపు మొత్తం రెండు కార్డుల (కలిపి మోగే స్వరాల గుంపుల) మీదే నడుస్తుంది. అంత తక్కువ సరుకున్న పాటలో డ్రమ్ము కాస్త అటూ ఇటూ ఊగినా చెవికి తగులుతుంది. అందుకని ఫ్లీట్‌వుడ్ వాయించిన దాంట్లోంచి ఎనిమిది బార్లు (ఒక్కో బారు నాలుగు దెబ్బలు) తీసి, అదే మళ్లీ మళ్లీ తిరిగేలా లూపు కట్టారు. ఆ రోజుల్లో లూపంటే నిజంగానే టేపు ముక్క. నిమిషానికి 120 దెబ్బల లయలో ఎనిమిది బార్లు 16 సెకండ్లు. సెకనుకు 30 అంగుళాల వేగంతో తిరిగే యంత్రం మీద అది 40 అడుగుల టేపు. రెండు కొసలూ అతికించి, మైకు స్టాండ్ల చుట్టూ తిప్పి, వదులు కాకుండా, బిగుసుకోకుండా పట్టుకోవాలి. వదులైతే శబ్దం వణుకుతుంది, బిగిస్తే వేగం తగ్గి శ్రుతి జారుతుంది. అతుకు సరిగ్గా దెబ్బ మొదలయ్యే చోట పడకపోతే 16 సెకండ్లకోసారి కుంటుతుంది.

'నెవర్ గోయింగ్ బ్యాక్ ఎగైన్'కి బకింగ్‌హామ్ గిటారు తీగలను 20 నిమిషాలకోసారి మార్చేవారు. చాదస్తమనిపించవచ్చు. కొత్త తీగకుండే మెరుపు చెమటకీ వేళ్ల రాపిడికీ త్వరగా చచ్చిపోతుంది. వేర్వేరు సమయాల్లో తీసిన ముక్కలను పక్కపక్కన పెట్టాలంటే అన్నిటిలోనూ తీగ వయసు ఒకటే ఉండాలి. 'సెకండ్ హ్యాండ్ న్యూస్'లో మాత్రం ఇంత నాజూకు లేదు. తాళం చిక్కబడటానికి స్టూడియోలోని కుర్చీ సీటునే వాయించారు.

గది చాలకపోతే గదినే మార్చారు. 'సాంగ్‌బర్డ్' కోసం 1976 మార్చిలో బర్క్‌లీలోని జెల్లర్‌బాక్ ఆడిటోరియానికి వెళ్లారు. క్రిస్టీన్, ఒక గ్రాండ్ పియానో, ఖాళీ హాలు, అంతే. డ్రమ్ము లేని పాటలో నడక తప్పకుండా బకింగ్‌హామ్ తెర వెనక గిటారు మీటుతూ లయ ఇచ్చాడు. హాలు ప్రతిధ్వని పియానోతో పాటే టేపులోకి వస్తుంది కాబట్టి తర్వాత ముక్కలు కోసి అతికించడం కష్టం. అతుకు దగ్గర పాత నాదం తోక తెగిపోతుంది. అందుకే ఇలాంటిది మొదటి నుంచి చివరిదాకా ఒకే టేకులో కుదరాలి.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం.

రెండంగుళాల టేపు మీద 24 ట్రాకులంటే ఒక్కో ట్రాకు సుమారు 1 మి.మీ. వెడల్పు. పాలియెస్టర్ ఫిల్ము మీద పూసిన ఐరన్ ఆక్సైడ్ పొరలో శబ్దం నిలుస్తుంది. టేపు ఒకసారి తిరిగితే మొత్తం 24 ట్రాకులూ హెడ్లకు (శబ్దాన్ని టేపు మీదికి ఎక్కించి, తిరిగి వినిపించే భాగాలకు) రాసుకుంటూ పోతాయి. ఆ రోజు పాడుతున్నది ఒక్క కోరసే కావచ్చు, దాన్ని యాభైసార్లు పాడితే నెలల క్రితం ఒక్కసారి వాయించిన డ్రమ్ములు కూడా యాభైసార్లు అరుగుతాయి, రివైండ్లు ఉండనే ఉన్నాయి. అందరి పరిపూర్ణతకూ మూల్యం కట్టేది డ్రమ్ము ట్రాకులే.

ముందు పోయేది హెచ్చు ఫ్రీక్వెన్సీలు. ఎందుకో లెక్క కడదాం. 30 అంగుళాల వేగంలో 15 కిలోహెర్ట్‌జ్ తరంగం టేపు మీద 0.05 మి.మీ. పొడవుంటుంది. 100 హెర్ట్‌జ్ తరంగం 7.6 మి.మీ. హెడ్డుకీ టేపుకీ మధ్య 0.005 మి.మీ. ఎడం వచ్చిందనుకోండి. 15 కిలోహెర్ట్‌జ్ దగ్గర 5 డెసిబెల్స్ పైగా పోతుంది, 100 హెర్ట్‌జ్ దగ్గర పోయేది లెక్కలోకే రాదు. రాలిన ఆక్సైడ్ హెడ్డుకి అంటుకుంటే ఆ ఎడం వస్తుంది. దాన్ని ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచేయొచ్చు. టేపు మీంచి రాలిపోయిన పొర మాత్రం తిరిగి రాదు. బేసు బాగానే ఉంటుంది, స్నేర్ డ్రమ్ము చర్మం మీద కర్ర తగిలిన ఆ చురుకు, హై-హ్యాట్ అనే జంట తాళాల మెరుపు మాయమవుతాయి. రోజూ వింటున్న చెవులు ఆ మందకొడితనానికి అలవాటు పడతాయి, పైగా పోయిన మెరుపును ఈక్వలైజర్‌తో హెచ్చు స్వరాలు పెంచి పూడ్చుకుంటూ పోతారు. రూమర్స్‌లోనూ కొన్ని నెలల పని తర్వాతగాని కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), స్నేర్ ప్రాణం లేకుండా పడి ఉన్నాయని గుర్తించలేదు.

కాపీ తీస్తే సరిపోదా? సరిపోదు. అరిగిన టేపుకి కాపీ తీస్తే అరుగుదల కూడా కాపీ అవుతుంది, పైన కొత్త టేపు బుస్సుమనే శబ్దం చేరుతుంది. వాళ్లను కాపాడింది మొదట్లో తీసుకున్న ఒక జాగ్రత్త. బేసిక్ ట్రాకులు తీసేటప్పుడే రెండో 24 ట్రాకుల యంత్రాన్ని కూడా నడిపారు. ఆ రీళ్లు ముట్టుకోకుండా ఉన్నాయి. డ్రమ్ములు అందులో తాజాగా ఉన్నాయి, ఓవర్‌డబ్బులన్నీ అరిగిన టేపులో ఉన్నాయి. ఓవర్‌డబ్బులు తర్వాత చేరినవి కాబట్టి అంతగా అరగలేదు. వాటిని తాజా రీలు మీదికి ఎక్కించాలి.

ఇక్కడే గండం. రెండు యంత్రాలనూ ఒకే వేగానికి కట్టిపడేసే టైమ్‌కోడ్ అనే సమయ గుర్తు ఆ టేపుల మీద లేదు. రెండు యంత్రాల వేగంలో వెయ్యికి ఒక వంతు తేడా ఉంటే చాలు, నాలుగు నిమిషాల పాట ముగిసేసరికి 0.24 సెకండ్ల ఎడం వస్తుంది. 120 లయలో హై-హ్యాట్ దెబ్బకీ దెబ్బకీ మధ్య దూరం దాదాపు అంతే. పైగా ఆ తేడా స్థిరంగా ఉండదు. రీలు నిండుగా ఉన్నప్పుడు ఒక వేగం, ఖాళీ అవుతున్నప్పుడు ఇంకోటి.

ఈ పని తెలిసిన ఒక నిపుణుడిని పిలిపించారు. అరిగిన టేపులోని స్నేర్, హై-హ్యాట్ హెడ్‌ఫోనులో ఎడమ చెవికి, తాజా టేపులోవి కుడి చెవికి. చేతిలో ఒక యంత్రం వేగాన్ని మార్చే వేరీస్పీడ్ గుండీ. రెండూ కలిసినప్పుడు దెబ్బ తల మధ్యలో వినిపిస్తుంది. ఏ టేపు అర మిల్లీసెకండ్ ముందుకెళ్లినా శబ్దం ఆ చెవి వైపు జరుగుతుంది. జరిగిన వెంటనే గుండీని వెంట్రుకవాసి తిప్పాలి, ఎక్కువ తిప్పితే అవతలి చెవికి పోతుంది. గొంతులు, గిటార్లు ఆ తిప్పుడుకి శ్రుతి జారకుండా చూసుకుంటూ పాట చివరిదాకా అలాగే నడపాలి. మధ్యలో తప్పితే వెనక్కి వెళ్లి మళ్లీ. నన్నడిగితే ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా గొప్ప వాద్య ప్రదర్శన ఆ గుండీ మీద జరిగిందే.

'ది చెయిన్' పాట మరో రకం పని. క్రిస్టీన్ తెచ్చిన ఒక పాట కుదరక పక్కన పెట్టారు. దాని చివర్లో జాన్ మెక్‌వీ బేసుతో మొదలయ్యే ముగింపు మాత్రం వదలబుద్ధి కాలేదు. అది ఉంచి, ముందు భాగం మళ్లీ కట్టి, నిక్స్ రాసిన మాటలు చేర్చి, బ్లేడుతో కోసి అతికించారు. ఆల్బమ్‌లో ఐదుగురి పేర్లూ ఉన్న పాట ఇదొక్కటే. కోతలో ఒక కిటుకుంది. పావు అంగుళం టేపును 45 డిగ్రీల వాలుగా కోస్తారు, అతుకు మెత్తగా ఉంటుందని. రెండంగుళాల టేపును అలా కోస్తే ఒక అంచు ట్రాకు మారాక 67 మిల్లీసెకండ్లకుగాని రెండో అంచు ట్రాకు మారదు, కిక్ కొత్త భాగంలోకి వచ్చేసినా గిటారు ఇంకా పాత భాగంలోనే ఉంటుంది. అందుకే వెడల్పు టేపును దాదాపు నిటారుగా కోయాలి.

తర్వాత ఎల్‌పీ (రెండు వైపులా పాటలుండే పెద్ద గ్రామఫోన్ రికార్డు) కొలతలు. ఒక వైపు 20 నిమిషాలు దాటుతున్న కొద్దీ గాడులు దగ్గరవుతాయి, దాంతో శబ్దం తగ్గించి, బేసు కుదించి కోయాల్సి వస్తుంది. బయటి అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకు 51 సెం.మీ. వేగంతో కదిలితే లోపలి చివర 21 సెం.మీ. మాత్రమే. అక్కడ హెచ్చు స్వరాలు చిట్లుతాయి. మొదటి వైపు చివర 'సాంగ్‌బర్డ్' లాంటి నెమ్మది పాట ఉండటం ఆ లెక్కకు చక్కగా అమరింది. నిక్స్ రాసిన 'సిల్వర్ స్ప్రింగ్స్' నాలుగున్నర నిమిషాల నిదాన గీతం. దాన్ని తీసేసి, ఆమెదే మూడుంబావు నిమిషాల చలాకీ పాట 'ఐ డోంట్ వాంట్ టు నో' పెట్టారు. నిక్స్‌కి అది ఎన్నో ఏళ్లు మానని గాయం. వరస వింటే ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది. పాటగా చూస్తే మాత్రం ఆల్బమ్‌లో ఉన్న కొన్నిటికన్నా 'సిల్వర్ స్ప్రింగ్స్' మేలు. 1976 చివర విడుదలైన 'గో యువర్ ఓన్ వే' సింగిల్ (ఒక్కో వైపు ఒక్క పాట ఉండే చిన్న రికార్డు) రెండో వైపుకి దాన్ని సర్దారు.

ఆల్బమ్ 1977 ఫిబ్రవరి 4న వార్నర్ బ్రదర్స్ లేబుల్ మీద వచ్చింది. నేల అప్పటికే సిద్ధమై ఉంది. 1975లో వచ్చిన వాళ్ల ముందు ఆల్బమ్ ఏడాదికి పైగా నెమ్మదిగా ఎక్కి, 1976 సెప్టెంబరులో అమెరికా ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ చార్టులో మొదటి స్థానం చేరింది. రూమర్స్ అదే స్థానంలో మొత్తం 31 వారాలు ఉంది. 1978లో ఆ ఏటి ఆల్బమ్‌గా గ్రామీ అందుకుంది. నాలుగు సింగిల్స్ నాలుగూ అమెరికాలో తొలి పదిలోకి వచ్చాయి: 'గో యువర్ ఓన్ వే' 10, 'డ్రీమ్స్' 1, 'డోంట్ స్టాప్' 3, 'యూ మేక్ లవింగ్ ఫన్' 9. ఒక్కో సింగిల్‌కీ మధ్య కొన్ని నెలల ఎడం, ప్రతిసారీ ముందున్న గొంతు వేరు. రేడియో వినేవాళ్లకి ఒకే బ్యాండు మూడు బ్యాండ్లుగా వినిపించింది, కింద డ్రమ్ము, బేసు మాత్రం ఎప్పుడూ ఆ ఇద్దరివే. 2020 అక్టోబరులో ఒక టిక్‌టాక్ వీడియో పుణ్యమా అని 'డ్రీమ్స్' మళ్లీ చార్టులెక్కితే, ఆల్బమ్ కూడా బిల్‌బోర్డ్ తొలి పదిలోకి తిరిగొచ్చింది.

ఇప్పుడు 'ది చెయిన్' వినిపిస్తాను. మూడో నిమిషం దగ్గర అంతా ఆగి బేసు ఒంటరిగా వస్తుంది, గమనించండి. ఆ తర్వాత ప్రశ్నలు తీసుకుందాం.